కొసరు రంగు

కూరగాయల బేరం అయ్యాక సంచిలో నాలుగు పచ్చిమిరపకాయలు కొసరు పడేసినట్టు, ఫోటో మాస్టారు ప్రతి ముఖానికీ రెండు మెట్ల రంగు కొసరు వేసేవాడు. ఒకరు అడిగితే చేసేది కాదది, అడక్కుండా చేస్తేనే కొసరు. ఆయన గురువు పెన్సిలూ కుంచే పట్టుకుని నెగెటివ్ మీద గంటసేపు చేసిన పనిని ఆయన ఇప్పుడు కంప్యూటర్లో రెండు నిమిషాల్లో చేస్తాడు. తెరకి ఓ పక్కన నిలువు గీత ఉంటుంది. గీత మీద చిన్న చుక్క. చుక్కని ఒక మెట్టు పైకి జరిపితే ముఖం కాస్త తేలుతుంది. రెండు మెట్లు జరిపితే మనిషికి తన ముఖం నచ్చుతుంది. అంతకన్నా పైకి ఆయన ఎప్పుడూ పోడు. వచ్చినవాళ్ళు ఫోటో చూసుకుని "పరవాలేదే, బాగానే పడ్డాను" అనుకుంటూ మెట్లు దిగాలి, అదీ ఆయన లెక్క. ఎదురుగా ఉన్న స్కూల్లో టీచర్ల కార్డులు, పిల్లల్ని తీసుకెళ్ళే తల్లుల పాసులు, పక్కవీధి స్టేషన్లో ఎస్సై మెడలో వేలాడే కార్డు, అన్నీ ఆయన చేతిమీదుగా పోయినవే. ఆ చుట్టుపక్కల మెడలో కార్డున్న ప్రతి మనిషీ తన అసలు రంగుకి రెండు మెట్లు పైన ఉన్నాడు. అందువల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

మంగళవారం పొద్దున స్కూలు బస్సు డ్రైవరు వచ్చాడు. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"చెప్పులతోనే రావయ్యా, ఇదేమన్నా ఆపరేషన్ గదా?" అన్నాడు మాస్టారు.

"మీ నేల తెల్లగా ఉంది సార్. మరకలు పడితే నా పేరే చెబుతారు," అని నవ్వాడు డ్రైవరు.

డ్రైవరు వంతెన అవతలి మనిషి, నల్లనివాడు. నలుపంటే, మన ఇళ్ళల్లో పిల్లకి రంగు తక్కువ అని మూతి విరుచుకునే నలుపు కాదు. నల్లరాయి నీళ్ళలో తడిసినప్పటి నిగారింపు. వంతెన అవతలివాళ్ళు వేరే జాతి, వాళ్ళ తాతల్ని ఎప్పుడో రేవు పనికి తెచ్చారు. మూడు తరాలుగా ఇక్కడే పుట్టి ఇక్కడి భాషే మాట్లాడుతున్నా, "అబ్బో, మా భాష బాగానే వచ్చిందే నీకు" అని మెచ్చుకునే పెద్దమనుషులకు ఊళ్ళో కొదవలేదు. మాస్టారు మాత్రం ఎప్పుడూ అలా అనలేదు. ఆ సంగతి ఆయనకు కాస్త గర్వంగానే ఉండేది.

స్కూలు బస్సులు నడిపేవాళ్ళందరికీ ఈ ఏడాది నుంచి నగర కార్యాలయం కార్డు ఉండాలట. కార్డు లేకపోతే వచ్చే సోమవారం నుంచి బస్సు ఎక్కనివ్వరట. డ్రైవరు ఇస్త్రీ చేసిన నీలం చొక్కా తొడుక్కుని, గుండీలు మెడదాకా పెట్టుకుని వచ్చాడు. మాస్టారు అతన్ని తెల్లగుడ్డ ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం కింద వేలు పెట్టి ముఖం సరిచేసి, మూడు ఫోటోలు తీశాడు. తెర మీదికి వచ్చాక చూస్తే, వెనక గుడ్డ పాలలా మెరుస్తోంది. దాని ముందు ఒక చొక్కా, చొక్కా పైన రెండు కళ్ళు. మధ్యలో ఉండాల్సిన మనిషి చీకట్లో కలిసిపోయాడు.

"లాభం లేదు. మొన్న వేరేచోట తీసిన మీవాళ్ళవి రెండు ఇలాగే ఉన్నాయని ఆఫీసులో ఫోటోలు చూసే మెషిన్ వెనక్కి కొట్టింది. ముఖం స్పష్టంగా లేదని చీటీ వచ్చింది," అన్నాడు మాస్టారు.

చుక్కని ఒక మెట్టు జరిపాడు. రెండు. మూడు. నలభై ఏళ్ళ పనిలో మొదటిసారి నాలుగో మెట్టు ఎక్కించాడు. అప్పటికి ముక్కూ చెంపలూ పెదవులూ బయటపడ్డాయి. డ్రైవరు లేచి వెనక్కి వచ్చి తెర వంక చూశాడు.

"ఎవరు సార్ ఈయన?"

"నువ్వేనయ్యా."

"మా వంశంలో ఇంత తెల్లవాడు పుట్టలేదు సార్. ఈయన ఇంటికొస్తే మా ఆవిడ తలుపు కూడా తియ్యదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వు అయ్యాక డ్రైవరు మెడ వెనక గోక్కుంటూ, "కొంచెం తగ్గించండి సార్. నాలా లేదు," అన్నాడు.

"ఉండనీవయ్యా, మంచిదేగా. నీకు కార్డు కావాలా, ఫోటో కావాలా?"

డ్రైవరు ఒక క్షణం ఆలోచించి, "కార్డే సార్," అన్నాడు.

దరఖాస్తులు నింపిపెట్టడం కూడా మాస్టారి కొసరులో భాగమే. ఫోటో అతికించి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, గళ్ళన్నీ గుండ్రటి అక్షరాలతో నింపాడు. అడుగున "పై ఫోటోలో ఉన్నది నేనేనని ధ్రువీకరిస్తున్నాను" అని అచ్చువేసి ఉంది. దాని పక్కన పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టి చూపించాడు.

"ఇక్కడ సంతకం పెట్టు."

డ్రైవరు పెట్టాడు.

*

సోమవారం పొద్దున మాస్టారు కొక్కెం కర్రతో షట్టరు పైకి తోస్తుండగా పసుపుపచ్చ బస్సు వచ్చి స్కూలు గేటు ముందు ఆగింది. డ్రైవరు దిగి తలుపు దగ్గర నిలబడి, పిల్లల్ని ఒక్కొక్కరినే చెయ్యి పట్టుకుని దింపుతున్నాడు. మెడలో నీలం రిబ్బనుతో కొత్త కార్డు. మాస్టారిని చూసి కార్డు ఎత్తి చూపించాడు. వచ్చేసింది సార్ అన్నట్టు. మాస్టారు తల ఊపాడు.

ఆ వారం ఊరంతా ఒకటే గోల. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా ఒకటి తిరుగుతోందని, వాళ్ళు వేరేవాళ్ళ కార్డులు తగిలించుకుని స్కూళ్ళ దగ్గర కాస్తున్నారని ఫోన్లలో మెసేజీలు. ఎవరు చూశారంటే ఎవరూ చూడలేదు, అందరికీ ఎవరో పంపారు. గేటు దగ్గర తల్లులు మామూలుకన్నా ఎక్కువమంది ఉన్నారు. వాళ్ళలో కొత్తగా చేరిన పాప తల్లి ఒకావిడ డ్రైవరుకి దగ్గరగా వచ్చి కార్డు వంక చూసింది. అతని ముఖం వంక చూసింది. మళ్ళీ కార్డు చూసింది.

"ఇది నీది కాదు," అంది.

"నాదేనమ్మా."

"ఇతనెవరో, నువ్వెవరో. వాచ్‌మన్! ఒకసారి ఇలా రా."

వాచ్‌మన్ రోజూ డ్రైవరుతో కలిసి టీ తాగేవాడే. కార్డు చేతిలోకి తీసుకుని వెలుతురుకి తిప్పి చూశాడు. అవునని చెబితే ఆ తల్లులంతా మీద పడతారు. కాదనడానికీ నోరు రాలేదు. "తేడాగానే ఉందమ్మా," అని నీళ్ళు నమిలాడు. అంతే, ఇంకో ఇద్దరు తల్లులు పిల్లల్ని పొట్టకి అదుముకున్నారు. ఎవరో ఫోన్ తీశారు. "వాళ్ళ జాతే అంత, ఒకడి కార్డు పదిమంది వాడతారు," అంది వెనకనుంచి ఒక గొంతు.

"మా డ్రైవరంకులే, రోజూ వచ్చేది ఈ అంకులే!" అని రెండు జడల పిల్ల ఒకతె అరుస్తోంది. పిల్లల మాట ఎవరిక్కావాలి? వాళ్ళమ్మ దాని నోరు మూసి లోపలికి లాక్కుపోయింది.

అప్పుడు డ్రైవరు రోడ్డు ఇవతలికి చెయ్యి చాపాడు. "అదిగో, ఆ స్టూడియోలోనే తీయించుకున్నాను. సార్ని అడగండి," అన్నాడు.

గేటు దగ్గరున్న తలలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. మాస్టారు కొక్కెం కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. దాటాల్సింది ఇరవై అడుగుల రోడ్డు. చెప్పాల్సింది ఒక్క మాట. కానీ ఆ తల్లుల్లో సగంమంది ఆయన ఖాతాదార్లు. రంగు నేనే పెంచానని నడిరోడ్డు మీద చెబితే, మరి మావి కూడా పెంచావా అని వాళ్ళు తమ పాసులు చూసుకోరూ? ఎక్కడినుంచి మొదలుపెట్టాలో ఆయనకి తోచలేదు. లోపల కంప్యూటర్ ఆన్ చేసి, లైట్లు వేసి, ఒక్క నిమిషంలో వెళ్ళి నిదానంగా చెబుదాంలే అనుకున్నాడు. లోపలికి వెళ్ళాడు. కంప్యూటర్ ఆన్ చేశాడు. లైట్లు వేశాడు. తుడిచిన లెన్సునే మళ్ళీ తుడిచాడు.

బయటికి వచ్చేసరికి డ్రైవర్ని ఎక్కించుకున్న పోలీసు జీపు వీధి మలుపు తిరుగుతోంది. బస్సు తలుపు తెరిచే ఉంది. మెట్టు మీద ఎవరిదో నీళ్ళ సీసా పడిపోయి ఉంటే, వాచ్‌మన్ తీసి తుడుస్తున్నాడు.

*

స్టూడియో వెనకగదులే మాస్టారి ఇల్లు. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ఆయన కెలుకుతున్నాడే గాని తినడంలేదు. సంగతేమిటని భార్య రెండుసార్లు అడిగితే మూడోసారికి చెప్పాడు.

"పిలిచినప్పుడు వెళ్ళకుండా లోపలికొచ్చి లైట్లేసుకున్నారా?" అంది ఆవిడ.

"ఒక్క నిమిషమే కదా అని."

"మీ కొసరు పిచ్చి తగలెయ్య." ఆవిడ గోడ వంక చూసింది. గోడ మీద వాళ్ళ పెళ్ళి ఫోటో. మాస్టారు తన చేత్తో తానే కుంచెపెట్టి దిద్దుకున్న మొదటి పని. "మా అక్క మనవరాలు మొన్న ఆ ఫోటో చూసి, తాతయ్య పక్కన ఆవిడెవరు అని అడిగింది. చచ్చిపోయిందే అని చెప్పాను."

ఇంకోరోజైతే ఆయన నవ్వేవాడు. ఈలోగా ముందుగదిలో బల్ల మీద ఎవరో వేళ్ళతో తట్టారు.

డ్రైవరు భార్య. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పని చేస్తుంది. బూడిదరంగు పనిబట్టల్లోనే పరుగెత్తుకు వచ్చింది. బట్టల సోడా నీళ్ళలో నాని వేళ్ళ చివర్లు పాలిపోయి ఉన్నాయి. ఆ వేళ్ళతో స్టూడియో కవరొకటి పట్టుకుంది. అందులో మిగిలిన ఫోటోలు.

"ఇవి మీరే తీశారంట కదా సార్. స్టేషన్లో చూపిస్తే, ఇతనెవరో తీసుకురా అంటున్నారు. ఎక్కడినుంచి తీసుకురాను సార్ ఇతన్ని?"

మాస్టారు కవరు వంక చూశాడు. "పదమ్మా, నేనొచ్చి చెబుతాను. నేను చెబితే వింటారు," అని చొక్కా మార్చుకున్నాడు. వింటారని ఆయన నిజంగానే నమ్మాడు.

స్టేషన్లో ఎస్సై ఆయన్ని చూడగానే లేచి నిలబడినంత పనిచేశాడు. "రండి మాస్టారూ, రండి. కుర్చీ తెండిరా. టీ చెప్పండిరా." కుర్చీ ఒకటే వచ్చింది. టీ ఒకటే వచ్చింది. డ్రైవరు భార్య తలుపు దగ్గర గోడకి ఆనుకుని నిలబడింది. లోపలి గదిలో కటకటాల వెనక డ్రైవరు నేలమీద కూర్చుని ఉన్నాడు. బెల్టూ చెప్పులూ తీసేశారు. మాస్టారిని చూసి లేచి, అలవాటుకొద్దీ చేతులు జోడించబోయి, చొక్కా గుండీ ఒకటి తెగి ఉండటంతో ఒక చేత్తో చొక్కా పట్టుకున్నాడు.

మాస్టారు చిలక్కి చెప్పినట్టు అంతా చెప్పాడు. ఫోటో తీసింది తానే, రంగు పెంచింది తానే, అతను వద్దన్నా వినలేదు, ఆఫీసు మెషిన్ తీసుకోదని నాలుగు మెట్లు ఎక్కించానన్నాడు. అవన్నీ ఎస్సై శ్రద్ధగానే విన్నాడు.

"అంటే ఫోటో మార్చారన్నమాట."

"మార్చడమంటే, అందరికీ చేసేదేనండీ. మీ కార్డుకీ రెండు మెట్లు ఎక్కించాను. చూసుకోండి."

ఎస్సై మెడలో కార్డు ఎత్తి చూసుకుని పకపకా నవ్వాడు. పక్కన రాసుకుంటున్న రైటరు కూడా వంగి చూసి నవ్వాడు. "మా ఆవిడ అంటూనే ఉంటుంది, ఫోటోలో ఉన్న మొగుడే నయమని. అయినా మాది వేరులెండి మాస్టారూ."

"వేరంటే?"

"మేం తెలిసినవాళ్ళం కదా," అన్నాడు ఎస్సై, అంతకన్నా తేలికైన సంగతి లోకంలో లేనట్టు. "సరే, మీరిప్పుడు చెప్పింది ఒక కాగితం మీద రాసివ్వండి. మీలాంటి పెద్దమనిషి రాసిస్తే దానికో విలువుంటుంది. తొందరగా తేలిపోతుంది."

మాస్టారికి ప్రాణం లేచివచ్చింది. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, గుండ్రటి అక్షరాలతో పేజీన్నర రాశాడు. ఫలానా తేదీన ఫలానా వ్యక్తి ఫోటో తీసి, నా ఇష్టప్రకారం నాలుగు మెట్ల రంగు పెంచి, ముఖం గుర్తుపట్టలేనంత తేడా వచ్చేలా... ఆ మాట దగ్గర ఒక్కక్షణం కలం ఆగింది. తన తప్పు ఎంత పెద్దగా చెబితే అతని తప్పు అంత చిన్నదవుతుందనుకున్నాడు. రాసేశాడు. సంతకం చేశాడు. డ్రైవరు భార్య గోడ వదిలి ఒక అడుగు ముందుకు వచ్చింది.

ఎస్సై కాగితం రెండుసార్లు చదివి రైటరుకి ఇచ్చాడు. "ఇదీ ఫైల్లో పెట్టు. మార్చిన ఫోటో ఇచ్చి కార్డు తీసుకున్నట్టు సాక్ష్యం."

"అదేమిటండీ? మార్చింది నేను!"

"ఫోటోలో ఉన్నది నేనేనని సంతకం పెట్టింది వాడు కదండీ."

"ఎక్కడ పెట్టాలో చూపించింది కూడా నేనే. మరి నన్ను కూర్చోబెట్టండి లోపల."

"భలేవారే!" ఎస్సై లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. చెయ్యి నిజంగా ఆప్యాయంగానే ఉంది. "మీకేమన్నా దురుద్దేశం ఉందా? మంచికి చేశారు, పొరపాటయింది. ఎండగా ఉంది, మావాణ్ణి బండి మీద దింపమంటాను. టీ చల్లారిపోతోంది, తాగండి."

"నాకు బండి వద్దు," అన్నాడు మాస్టారు. ఇంకేదో కూడా అనాలి. కోపం ముంచుకొచ్చింది, అది ఎవరిమీద పెట్టాలో తెలియలేదు. ఎదుటివాడు మర్యాద తప్పితే తిట్టవచ్చు. ఇంత మర్యాద చేసేవాణ్ణి ఏమని తిడతాం? టీ తాగలేదు. ఆయన చేసిన ఎదిరింపంతా ఆ ఒక్కటే.

మెట్లు దిగుతుంటే డ్రైవరు భార్య వెనకే వచ్చింది. "ఏం రాశారు సార్ అందులో?" అని అడిగింది. "నిజమే రాశానమ్మా," అన్నాడు. ఆవిడ ఆయన ముఖంలోకి చూసి, పనికి వేళయిందని వెళ్ళిపోయింది.

*

గురువారం వదిలారు. దయతో వదల్లేదు. రెండు రోజులు కొత్త డ్రైవరు బస్సు ఆలస్యంగా తెచ్చేసరికి స్కూలు మేనేజరే ఫోన్ చేశాడట. కార్డు లాక్కున్నారు. కేసు అలాగే ఉంది. వారం లోపల సరైన ఫోటోతో కొత్త కార్డు తెచ్చి చూపిస్తే మూసేస్తానని ఎస్సై మాటిచ్చాడు. ఆ వారం వరకే ఉద్యోగం కూడా అట్టిపెడతానని మేనేజరన్నాడు. వారం దాటితే కేసూ ఉంటుంది, పనీ ఉండదు.

శుక్రవారం పొద్దున డ్రైవరు అదే నీలం చొక్కాతో వచ్చాడు. తెగిన గుండీ చోట వేరే రంగు గుండీ కుట్టి ఉంది. ఎడమ చెవి కింద కొంచెం వాచింది. మాస్టారు అది చూశాడు. డ్రైవరు గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. ఈసారి ఆపరేషన్ గది హాస్యం ఆడబుద్ధి కాలేదు.

"ఇవాళ నీలాగే తీస్తానయ్యా," అన్నాడు మాస్టారు.

తీస్తానని అన్నాడే గాని ఎలా తియ్యాలో ఆయనకి తెలియదు. గురువు నేర్పలేదు, ఆయన అడగలేదు. లైట్లు, గుడ్డ, కొలతలు అన్నీ ఒక రంగు మనుషుల కోసం అమర్చినవి. నలభై ఏళ్ళుగా వాటి ముందు కూర్చున్న వంతెన అవతలివాళ్ళంతా చీకట్లో పడుతుంటే, లోపం వాళ్ళ ముఖాల్లో ఉందనుకున్నాడు. ఆఫీసు రూలు ప్రకారం వెనక తెల్లగుడ్డే ఉండాలి. సరే, ఉండనీ. స్టూలు తీసి గుడ్డకి ఆరడుగుల ముందుకు జరిపాడు. గుడ్డ మీద పడే లైటు ఆర్పేశాడు. పెద్ద దీపాన్ని నుదుటికి ఎదురుగా కాకుండా పక్కకి తెచ్చాడు. ఒక చెంప వెలిగింది, రెండోది ములిగింది. భార్యని పిలిచి తెల్ల అట్టముక్క చేతికిచ్చి రెండోవైపు నిలబెట్టాడు.

"ఇంకొంచెం దగ్గరికి. కాదు, కిందికి. ఊఁ, అలా ఉంచు."

"చేతులు పీకుతున్నాయండీ. ఇందులో సగం కష్టం నా పెళ్ళినాడు పడి ఉంటే నేనూ ఆ గోడ మీద ఉండేదాన్ని," అంది ఆవిడ.

వచ్చినప్పటినుంచి బిగుసుకుని ఉన్న డ్రైవరు పెదవులు కొంచెం కదిలాయి. మాస్టారు ఆ క్షణం వదల్లేదు. గంటన్నరలో ఇరవై ఏడు ఫోటోలు తీశాడు. ఇరవై నాలుగోది తెర మీదికి వచ్చాక ముగ్గురూ దాని ముందు నిలబడ్డారు. చెంపఎముక మీద వెలుగు సన్నగా జారుతోంది. కళ్ళ కింద మూడు రోజుల నిద్ర లేనితనం, నుదుటి మీద గీతలు, నలుపులో ఇన్ని నలుపులున్నాయా అనిపించేట్టు ఒక్కో చోట ఒక్కో ఛాయ. చుక్క అట్టడుగున, ఎక్కడుండాలో అక్కడే ఉంది. మాస్టారు మౌస్ మీదనుంచి చెయ్యి తీసేశాడు.

డ్రైవరు చాలాసేపు చూశాడు. "మా నాన్నలా ఉన్నాను సార్," అన్నాడు. "మా నాన్న ఫోటో ఒక్కటి కూడా సరిగ్గా పడలేదు."

అతను చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళినప్పుడు మాస్టారు మళ్ళీ తెర ముందు కూర్చున్నాడు. ఏదో తప్పు చేస్తున్నవాడిలా గుమ్మం వైపు ఒకసారి చూసి, చుక్కని పైకి జరిపాడు. భార్య అట్టముక్క గోడకి ఆనిస్తూ అది చూసింది.

*

నగర కార్యాలయంలో ఏడో కౌంటర్. మాస్టారు కూడా వెళ్ళాడు. ఈసారి రోడ్డు ఇవతల ఉండిపోకూడదనుకున్నాడు. గంటన్నర వరసలో నిలబడ్డారు. కౌంటర్ వెనక ఒక అమ్మాయి, చురుకైన మనిషి, అందర్నీ నవ్వుతూ పలకరిస్తోంది. పక్కన రొట్టెల డబ్బా అంత మెషిన్, పైన అద్దం. ఫోటోని అద్దం మీద బోర్లించి మూత వేస్తే, ఒప్పుకుంటే పచ్చదీపం, లేకపోతే ఎర్రదీపం.

డ్రైవరు ఫోటో ఇచ్చాడు. అమ్మాయి దాన్ని చూసి, "ఎంత బావుందండీ!" అంది. నిజంగానే అంది. బోర్లించి మూత వేసింది.

ఎర్రదీపం. ముఖం స్పష్టంగా లేదట.

"స్పష్టంగా లేకపోవడమేమిటమ్మా? నువ్వే బావుందన్నావు కదా. కళ్ళముందు మనిషి ఉన్నాడు, పక్కనే పెట్టి చూడు," అన్నాడు మాస్టారు.

"నాకు కనబడుతోందండీ, దీనికి కనబడాలి కదా." మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎర్రదీపం. అద్దం తుడిచి మూడోసారి పెట్టింది. వెనక వరసలో గొణుగుళ్ళు మొదలయ్యాయి. "వంతెన అవతలివాళ్ళకి రోజూ ఇదే అవుతుంది. కొంచెం రంగు వేయించుకుని తెండి. స్కూలు ఎదురుగా ఒక ముసలాయన స్టూడియో ఉందట, ఆయన చేసినవి ఒక్కటీ వెనక్కి రావు. అక్కడికి వెళ్ళండి."

డ్రైవరు మాస్టారి వంక తిరగలేదు. కౌంటర్ చెక్క మీద చూపు పెట్టి, "మనిషిని పెద్దాఫీసరు ఎవరైనా చూసి సంతకం పెడితే సరిపోదామ్మా?" అని అడిగాడు.

"లేదండీ. ఇదివరకు ఉండేది. మనుషులైతే పక్షపాతం చూపిస్తారని మెషిన్ పెట్టారు."

ఇక మాస్టారు చేతిసంచిలో చెయ్యి పెట్టాడు. రెండో కవరు తీశాడు. అందులో నాలుగు ఫోటోలు. అదే మనిషి, అదే చొక్కా, అదే సగం నవ్వు. ఒక మెట్టు, రెండు, మూడు, నాలుగు. వాటిని వరసగా కౌంటర్ మీద పేర్చాడు. మొదటి ఫోటోలో ఇంకా డ్రైవరే ఉన్నాడు. చివరిదాంట్లో ఎస్సై తీసుకురమ్మన్న మనిషి ఉన్నాడు. మధ్యలోవాళ్ళు ఎవరో తెలియదు.

ఇప్పుడు తిరిగాడు డ్రైవరు. ఫోటోల వంక చూశాడు, సంచి వంక చూశాడు. "ముందే చేసుకొచ్చారా సార్," అన్నాడు మెల్లిగా.

"ఎందుకైనా మంచిదని..."

ఇంతకుముందు ఎన్నిసార్లు అన్న మాటో అది. ఇప్పుడు నోట్లోనే చేదయింది.

అమ్మాయి ఒక్కొక్కటే బోర్లించింది. ఒకటి, ఎరుపు. రెండు, ఎరుపు. మూడో దానికి దీపం కాసేపు తటపటాయించింది. డ్రైవరు రెండు చేతులతో కౌంటర్ అంచు పట్టుకుని ముందుకు వంగాడు. ఎరుపు. నాలుగు.

పచ్చదీపం వెలిగింది.

"హమ్మయ్య! ఇదిగోండి, ఇదే మీరు," అంది అమ్మాయి సంతోషంగా. ఫోటోని దరఖాస్తుకి అతికించి, అడుగున చోటు చూపించింది. "ఫోటోలో ఉన్నది నేనేనని సంతకం పెట్టండి."

డ్రైవరు కలం పట్టుకుని ఆగాడు. వెనకనుంచి ఎవరో "త్వరగా కానివ్వవయ్యా" అన్నారు. సంతకం పెట్టాడు. సోమవారానికి కార్డు వస్తుందని చీటీ ఇచ్చారు.

బయట మెట్ల మీద ఎండ చుర్రుమంటోంది. డ్రైవరు అసలు ఫోటోని చీటీతో కలిపి మడతపడకుండా చొక్కా జేబులో పెట్టుకుని, వేరే రంగు గుండీ సరిచేసుకున్నాడు.

"ఎస్సై గారికి ఏది చూపించాలి సార్? ఆఫీసు ఒప్పుకున్నదా, నాలా ఉన్నదా?"

మాస్టారు నాలుగు మెట్లు దిగాడు. "నేనొస్తానయ్యా," అన్నాడు చివరికి. "నేనే వచ్చి ఆయనతో మాట్లాడతాను."

"మొన్న కూడా వచ్చారు కదా సార్," అన్నాడు డ్రైవరు.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండుననిపించింది మాస్టారికి.